పొలం ఉంది, పహాణీ చిరిగింది

పెళ్లిళ్ల సీజన్‌లో ఏ టౌనులోనైనా కంప్యూటర్ రిపేరు షాపు మెట్లెక్కే వాళ్లలో ఫోటోగ్రాఫర్ ఒకడు తప్పకుండా ఉంటాడు. చేతిలో అగ్గిపెట్టెలో సగమైనా లేని మెమరీ కార్డు, కళ్లలో నిద్రలేని ఎరుపు. జీలకర్ర బెల్లం దగ్గర్నుంచి అప్పగింతల దాకా అన్నీ ఆ కార్డులోనే ఉన్నాయి. రాత్రి కెమెరాలో చూసుకున్నప్పుడు బాగానే ఉన్నాయి. తెల్లారి కంప్యూటర్‌లో పెడితే మాత్రం, ఈ డ్రైవ్‌ను వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడిగింది.

షాపతను కార్డు చేతిలోకి తీసుకోకముందే అడిగే ప్రశ్న ఒకటుంటుంది.

"ఏమైనా నొక్కారా అన్నా?"

"లేదన్నా. క్యాన్సిల్ కొట్టి బయటికి తీసేశా."

"అయితే కూర్చోండి. టీ చెప్తా."

ఆ టీలోని ధీమా ఎక్కడిదో తెలియాలంటే, కార్డులో ఫోటోలు ఎలా ఉంటాయన్నది కాదు, వాటి లెక్క ఎలా ఉంటుందన్నది చూడాలి. హార్డ్ డిస్క్ అయినా, పెన్‌డ్రైవ్ అయినా కంప్యూటర్ కంటికి వరసగా నంబర్లు వేసిన లక్షల గళ్లే. ఆ గళ్లను పొలాలనుకుంటే, ఏ సర్వే నంబరు ఎవరి పేర ఉందో రాసిన పుస్తకం వేరే ఉంటుంది. తెలంగాణలో దాన్ని పహాణీ అంటారు, ఆంధ్రలో అడంగల్ అంటారు, కంప్యూటర్‌లో ఫైల్ సిస్టమ్ అంటారు. పహాణీ చిరిగిందని పొలం ఎటూ పోదు. దున్నిన చాళ్లు, వేసిన పంట అక్కడే ఉంటాయి. అది ఎవరిదో, హద్దు ఎక్కడో చెప్పే కాగితం మాత్రం ఉండదు. ఫైల్ సిస్టమ్ కరప్ట్ అయిందన్నప్పుడు చాలాసార్లు జరిగేది ఇదే. ఫోటోలు పోలేదు, వాటి చిరునామా పోయింది.

ఇలాంటి పుస్తకాల్లో సులువైనది, ఇప్పటికీ ఊరూరా కనిపించేది ఫ్యాట్. 1977లో మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తున్న మార్క్ మెక్‌డొనాల్డ్ ఫ్లాపీల కోసం తయారుచేసిన పద్ధతి అది. దాని సంతానమైన ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ ఇవాళ్టి పెన్‌డ్రైవుల్లోనూ కెమెరా కార్డుల్లోనూ ఉన్నాయి. ఫ్యాట్32లో ఫైలుకు డైరెక్టరీలో 32 బైట్ల వరస ఒకటి ఉంటుంది. అందులో పేరు, తేదీ, సైజు, ఫైలు మొదలయ్యే గడి నంబరు రాసి ఉంటాయి. ఒక ఫోటో 57వ గడిలో మొదలైందనుకుందాం. తర్వాతి ముక్క ఎక్కడుందో పక్కనున్న పట్టిక చెబుతుంది. అందులో 57 ఎదురుగా 58 అని ఉంటుంది, 58 ఎదురుగా 59, దాని ఎదురుగా 203. 203 ఎదురుగా 'ఇక్కడితో సరి' అన్న గుర్తు. ఫైలు తెరవడమంటే ఈ దారం పట్టుకుని చివరిదాకా నడవడమే.

ఇప్పుడు 59 ఎదురుగా ఉన్న 203 చెరిగి, అక్కడ ఇంకో అంకె పడిందనుకోండి. ఫోటో సగం దాకా సజావుగా వచ్చి ఆపైన ఎవరి పొలంలోకో దిగుతుంది. తెర మీద పైన పెళ్లికూతురి ముఖం, మెడ దగ్గర్నుంచి కిందికి బూడిదరంగు పట్టీలు. రెండు ఫైళ్లు ఒకే గడిని మాదంటే మాదన్నప్పుడు దాన్ని క్రాస్‌లింక్ అంటారు. ఒకే సర్వే నంబరు ఇద్దరికి రిజిస్ట్రేషన్ అయితే ఊళ్లో జరిగే రభస తెలిసినవాళ్లకు దీన్ని వేరే వివరించక్కర్లేదు. కొన్ని గళ్లు 'వాడకంలో ఉన్నాయి' అని పట్టికలో ఉంటుంది గానీ ఏ ఫైలూ వాటిని తనదనదు. అవి పోరంబోకు.

ఫైలును డిలీట్ చేసినా ఫ్యాట్ పొలం జోలికి పోదు. పేరులో మొదటి అక్షరం స్థానంలో ఈ5 అనే గుర్తు వేసి, పట్టికలో ఆ గళ్లను ఖాళీ అని రాసుకుంటుంది, అంతే. 1982లో పీటర్ నార్టన్ అమ్మకానికి పెట్టిన యుటిలిటీస్‌కు పేరు తెచ్చిన అన్‌ఎరేజ్ ఈ కిటుకు మీద నడిచిందే. 1991లో వచ్చిన ఎంఎస్‌డాస్ 5లో అన్‌డిలీట్ కమాండ్ పోయిన ఫైలు పేరు చూపించి, మొదటి అక్షరం ఏమిటో మీరే చెప్పండని అడిగేది. పాపం, అదొక్కటే దానికి తెలియదు.

అసలు పుస్తకం ఎందుకు చిరుగుతుంది? ఒక్క ఫోటో దాచాలంటే కనీసం మూడు చోట్ల రాయాలి. బొమ్మ గళ్లలోకి, గళ్ల వరస పట్టికలోకి, పేరు డైరెక్టరీలోకి. మూడూ ఒకేసారి జరగవు. రెండోదానికీ మూడోదానికీ మధ్య కరెంటు పోతే పుస్తకంలో ఒక పేజీ ఒకటి చెబుతుంది, ఇంకో పేజీ ఇంకోటి చెబుతుంది. పైగా కంప్యూటర్ వచ్చినదాన్ని వచ్చినట్టు డిస్క్ మీద రాయదు. వేగం కోసం కొంతసేపు ర్యామ్‌లో పోగుచేసుకుని, తీరిక దొరికాక రాస్తుంది. కాపీ అయిపోయిందని తెర మీద కనిపించాక కూడా పెన్‌డ్రైవ్ మీద దీపం మిణుకుమిణుకుమనడం అందుకే. 'సేఫ్‌లీ రిమూవ్' నొక్కమనడం కూడా అందుకే. 2018 అక్టోబరు అప్‌డేట్ నుంచి విండోస్ 10 బయటి డ్రైవుల విషయంలో ఇలా పోగుచేయడం మానేసింది, కావాలంటే మనమే సెట్టింగ్ మార్చుకోవాలి. అయినా కాపీ నడుస్తుండగా లాగేస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంకో కారణం ఉంది, దాన్ని జనం అంతగా అనుమానించరు. మార్కెట్‌లో 1 టీబీ అని చవగ్గా అమ్మే కొన్ని పెన్‌డ్రైవుల్లో అసలు చిప్ 16 జీబీయో 32 జీబీయో ఉంటుంది. లోపలి కంట్రోలర్ కంప్యూటర్‌తో అబద్ధమాడుతుంది. అసలు జాగా నిండే దాకా అంతా బాగుంటుంది. ఆ తర్వాత వేసినవన్నీ పేర్లకే మిగులుతాయి, తెరిస్తే ఏమీ ఉండదు. అలాంటిదాన్ని రిపేరు చేయడమంటే లేని పొలానికి పాస్‌బుక్ తీసుకోవడమే.

చిరిగిన పుస్తకాన్ని కుట్టే ప్రోగ్రాములు ఫైల్ సిస్టమ్‌లంత పాతవి. విండోస్‌వాళ్లకు తెలిసిన చెక్‌డిస్క్ డాస్ కాలం నాటిది. యూనిక్స్‌లో మొదట్లో ఐచెక్, డీచెక్ అని రెండు మూడు ప్రోగ్రాములు వేర్వేరుగా తప్పులు చూపించేవి. దిద్దడం మాత్రం మనిషి పని, అది కూడా బాగా తెలిసిన మనిషి పని. టెడ్ కోవాల్‌స్కీ రాసిన ఎఫ్‌ఎస్‌సీకే ఆ భారాన్ని తీసేసింది. అది అయిదు విడతలుగా నడుస్తుంది. ముందు ఒక్కో ఫైలు ఏయే గళ్లను తనదంటోందో లెక్క తీస్తుంది. రెండో విడతలో డైరెక్టరీల్లో ఉన్న పేర్లు నిజంగా ఉన్న ఫైళ్లవేనా అని చూస్తుంది. మూడోదాంట్లో ఏ దారిలోనూ దొరకని డైరెక్టరీలను వెతుకుతుంది. తర్వాత ఎన్ని పేర్లు ఏ ఫైలును చూపిస్తున్నాయో సరిపోల్చి, చివరగా ఖాళీ గళ్ల జాబితాను దిద్దుతుంది. తల్లీతండ్రీ లేని ఫైళ్లను లాస్ట్ ప్లస్ ఫౌండ్ అనే ఫోల్డర్‌లో చేరుస్తుంది. పేర్లు ఉండవు కాబట్టి నంబర్లే పేర్లు. విండోస్‌లో అయితే ఫౌండ్.000 అనే ఫోల్డర్, అందులో ఫైల్0000.సీహెచ్‌కే లాంటి దిక్కూమొక్కూ లేని ఫైళ్లు.

ఇక్కడే జనం పొరబడేది. చెక్‌డిస్క్ నడిపితే ఫైళ్లు బాగవుతాయనుకుంటారు. దాని పని ఫైళ్లను కాపాడటం కాదు, పుస్తకంలో ఒక పేజీకీ ఇంకో పేజీకీ పొంతన కుదర్చడం. తగాదాలో ఉన్న గడిని ఎవరో ఒకరికి రాసేస్తుంది, తలా తోకా లేని వరసను కొట్టేస్తుంది, ఫైలు పొడవును తనకు దొరికిన గళ్లకు సరిపడా కత్తిరిస్తుంది. పని ముగిశాక పుస్తకంలో ఒక్క తప్పూ ఉండదు. అందులో మీ ఫోటో పేరు కూడా ఉండకపోవచ్చు. చెక్‌డిస్క్ తప్పేం లేదు, దానికి ఇచ్చిన ఉద్యోగం అది. అందుకే తెలిసిన రిపేరువాళ్లు దాన్ని మొదట కాదు, ఆఖర్న వాడతారు.

ఈ ఓర్పు ఎంత అవసరమో అందరికంటే పెద్ద పరీక్షలో నేర్చుకున్నవాళ్లు కాలిఫోర్నియాలోని నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజనీర్లు. 2004 జనవరి 4న అంగారకుడి మీద గుసెవ్ అనే బిలంలో స్పిరిట్ రోవర్ దిగింది. జనవరి 21న ఆడిరాండాక్ అని పేరుపెట్టిన రాయిని పరిశీలిస్తూ ఉన్నట్టుండి మాట ఆపేసింది. ఆ రోజు ఆస్ట్రేలియాలోని కాన్‌బెరా యాంటెన్నా దగ్గర వాతావరణం బాగాలేదు, అందువల్లేమో అనుకున్నారు. కాదు. తర్వాత వచ్చిన ముక్కలు ముక్కల సంకేతాలను బట్టి తేలిందేమిటంటే రోవర్ లేస్తోంది, పడుతోంది, మళ్లీ లేస్తోంది. అలా అరవైసార్లకు పైగా రీబూట్ అయింది. రాత్రి పడుకోవాల్సిన యంత్రం పడుకోవడం లేదు, బ్యాటరీ తరిగిపోతోంది. ఇక్కడి నుంచి ఒక మాట చేరడానికే దాదాపు పది నిమిషాలు.

తప్పు ఎక్కడో కాదు, ఫైల్ సిస్టమ్‌లో ఉంది. రోవర్‌లో 256 ఎంబీ ఫ్లాష్ మెమరీ, 128 ఎంబీ ర్యామ్. ఫ్లాష్ మీద నడిచేది మన పెన్‌డ్రైవులో ఉండే ఫ్యాట్ వంశానికి చెందినదే. రోవర్ లేచిన ప్రతిసారీ ఫ్లాష్‌లోని డైరెక్టరీ మొత్తాన్ని ర్యామ్‌లోకి ఎక్కించుకుంటుంది. ఏడు నెలల ప్రయాణంలో పేరుకుపోయిన వేల ఫైళ్లు అక్కడ ఉన్నాయి. వాటిలో కొన్నిటిని చెరిపినా డైరెక్టరీ సైజు తగ్గదు, ఫ్యాట్ స్వభావం అది. పుస్తకం అంతకంతకూ లావెక్కి, ఒకరోజు ర్యామ్‌లో పట్టలేదు. పట్టకపోతే రీబూట్. రీబూట్ అయితే మళ్లీ ఆ పుస్తకమే తెరవాలి. తెరిస్తే మళ్లీ పట్టదు.

ఇంజనీర్లు చేసిన మొదటి పని ఫార్మాట్ కాదు. ఫ్లాష్‌ను అసలు తెరవకుండా, ర్యామ్‌లోనే తాత్కాలికంగా ఫైళ్లు పెట్టుకుని లేవమని రోవర్‌కు చెప్పే కమాండ్ ఒకటి వాళ్ల దగ్గర ముందే ఉంది. దాన్ని పంపారు. రోవర్ కుదుటపడింది, నిద్రపోయింది. అప్పుడు తీరిగ్గా ఫ్లాష్‌లో ఏముందో చూసి, కావలసినవి తెప్పించుకుని, అనవసరమైనవి చెరిపి, ఫిబ్రవరి 6న అక్కడికే ఆదేశం పంపి ఫ్లాష్‌ను ఫార్మాట్ చేశారు. 90 రోజులు పనిచేస్తే చాలనుకున్న స్పిరిట్ 2010 మార్చి దాకా మాట్లాడుతూనే ఉంది. దాని తోబుట్టువు ఆపర్చునిటీకి పదేళ్ల తర్వాత ఫ్లాష్ అరిగిపోయి ఇలాంటి రీబూట్ల జబ్బే పట్టింది. 2014 సెప్టెంబరులో దాన్నీ భూమ్మీది నుంచే ఫార్మాట్ చేయాల్సి వచ్చింది.

పుస్తకం చిరగకుండా ముందే చూసుకునే ఉపాయం ఒకటుంది, అది మన కొట్టు గుమాస్తాలకు ఎప్పటినుంచో తెలుసు. సరుకు అమ్మగానే గుమాస్తా ముందు చిట్టాలో గీకుతాడు, తర్వాత ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. ఆవర్జా రాస్తుండగా దీపం ఆరిపోయిందనుకోండి, మర్నాడు చిట్టా తీసి చూస్తాడు. పూర్తిగా ఉన్న పద్దును ఆవర్జాలో మళ్లీ రాస్తాడు, సగంలో ఆగిన పద్దును కొట్టేస్తాడు. కంప్యూటర్లో ఈ చిట్టాను జర్నల్ అంటారు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో అది మొదటి నుంచీ ఉంది. లినక్స్‌లో స్టీఫెన్ ట్వీడీ పుణ్యమా అని 2001లో ఈఎక్స్‌టీ3గా స్థిరపడింది. అంతకుముందు పెద్ద సర్వర్ పొరపాటున ఆగిందంటే ఎఫ్‌ఎస్‌సీకే డిస్క్ మొత్తాన్ని గాలించాలి, అందుకు గంటలు పట్టేది. చిట్టా ఉంటే క్షణాల్లో తేలిపోతుంది. కాకపోతే చాలా ఫైల్ సిస్టమ్‌లు చిట్టాలో పుస్తకం లెక్కలే రాస్తాయి, ఫైలులోని సరుకును రాయవు. కరెంటు పోయి వచ్చాక ఫైలు పేరు, సైజు సరిగ్గా ఉండి లోపల చెత్త కనిపించే అవకాశం ఉంది. ఇక ఫ్యాట్‌కూ, ఎక్స్‌ఫ్యాట్‌కూ ఆ మాత్రం చిట్టా కూడా లేదు. పెళ్లి ఫోటోలన్నీ నిలబడేది వాటి మీదే.

2005లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన జెడ్‌ఎఫ్‌ఎస్ ఇంకో అడుగు వేసింది. అది పాత గడి మీద ఎన్నడూ తిరగరాయదు, కొత్త గడిలో రాశాకే పాతదాన్ని వదులుతుంది. పైగా ప్రతి గడికీ ఒక చెక్‌సమ్ కట్టి దాస్తుంది. చదివేటప్పుడు లెక్క తేడా వస్తే, రెండో డిస్క్‌లో మంచి నకలు ఉంటే దాన్ని తెచ్చి తనే దిద్దుకుంటుంది. ఆ ధైర్యంతోనే దానికి ఎఫ్‌ఎస్‌సీకే లాంటి ప్రోగ్రామే రాయలేదు. ఇంట్లో పెన్‌డ్రైవుకు అది అందేది కాదు గానీ, ఇళ్లలో పెట్టుకునే స్టోరేజి పెట్టెల దాకా అయితే వచ్చింది.

మళ్లీ షాపులోకి వద్దాం. కార్డు కాకుండా హార్డ్ డిస్క్ తెస్తే, షాపతను ముందు చేసేది చెవి పెట్టి వినడం. టక్‌టక్‌మని చప్పుడొస్తే చిరిగింది పుస్తకం కాదు, లోపలి భాగాలు. తిరిగే పళ్లెం మీద హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తులో ఎగురుతుంటుంది, దుమ్ము కణం దానికి కొండ. అలాంటిదాన్ని మామూలు గదిలో విప్పకూడదు, పదేపదే ఆన్ చేయకూడదు. అలాంటప్పుడు చెక్‌డిస్క్‌కు స్లాష్ ఆర్ తగిలించి నడపడం చావుబతుకుల్లో ఉన్నవాణ్ని పరుగు పందానికి దింపడమే. అది డిస్క్ నలుమూలలా ప్రతి గడినీ చదివి చూస్తుంది.

చప్పుడు లేకపోతే రెండో మెట్టు నకలు. గడికి గడి, ఖాళీ గడితో సహా, వేరే డిస్క్ మీదికి. ఇందుకు జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాముంది. అది తెలివిగా ముందు సులువుగా చదవగలిగినవన్నీ తీసుకుంటుంది, మొండికేసిన చోట్లు గుర్తు రాసుకుని వదిలేస్తుంది, చివర్లో వాటి దగ్గరికి మళ్లీ వస్తుంది. మధ్యలో ఆపినా ఆ గుర్తుల ఫైలు ఉంటుంది కాబట్టి వదిలిన చోటే మొదలెడుతుంది. ఇక్కడినుంచి చేసేదంతా నకలు మీదే. అది పాడైతే ఇంకోటి తీసుకోవచ్చు.

మూడో మెట్టులో పుస్తకానికి దాచిన నకళ్లు వెతుకుతారు, ఎందుకంటే ఫైల్ సిస్టమ్‌లు రాసినవాళ్లకు ఈ రోజు వస్తుందని తెలుసు. ఫ్యాట్32లో బూట్ సెక్టర్ అనే మొదటి సెక్టర్‌కు నకలు సాధారణంగా ఆరో నంబరు సెక్టర్‌లో ఉంటుంది. పట్టికకు కూడా మామూలుగా రెండు ప్రతులుంటాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన బూట్ సెక్టర్ నకలును విభాగంలో ఆఖరి సెక్టర్‌లో దాస్తుంది. లినక్స్ ఈఎక్స్‌టీ4లో సూపర్‌బ్లాక్ అనే మొదటి పేజీ పాడైతే, 4 కేబీ గళ్లున్న డిస్క్‌లో 32768వ గడి దగ్గర ఇంకోటి ఉంటుంది. ఈ2ఎఫ్‌ఎస్‌సీకేకు ఆ నంబరు చెబితే అక్కడినుంచి చదువుకుంటుంది. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్ ఇలాంటి నకళ్లను వెతికిపెడుతుంది, డబ్బేమీ అడగదు. ఫార్మాట్ చేయాలన్న డ్రైవులు చాలావరకు ఈ మెట్టు దగ్గరే తెరుచుకుంటాయి.

అక్కడా దొరక్కపోతే పుస్తకం సంగతి మరిచిపోయి పొలంలో నడవాల్సిందే. గ్రెనియే రాసిన ఇంకో ప్రోగ్రాము ఫోటోరెక్ ఆ పని చేస్తుంది. ప్రతి జేపెగ్ ఫోటో ఎఫ్‌ఎఫ్ డీ8 అనే రెండు బైట్లతో మొదలవుతుంది. డిస్క్ మొదటి నుంచి చివరిదాకా ఆ గుర్తు కోసం చూసుకుంటూ పోయి, కనిపించిన చోటల్లా ఒక ఫోటో మొదలైందని లెక్కవేస్తుంది. ముక్కలన్నీ పక్కపక్కనే ఉంటే ఫోటో నిండుగా వస్తుంది, చెదిరి ఉంటే సగమే. కెమెరా కార్డుల్లో ఫోటోలు సాధారణంగా ఒకదాని పక్కన ఒకటి పడతాయి, ఫోటోగ్రాఫర్ల అదృష్టం అది. ఎస్‌ఎస్‌డీలో డిలీట్ చేసిన ఫైళ్ల మీద మాత్రం ఇంత ఆశ పెట్టుకోకూడదు. ట్రిమ్ అనే ఆదేశంతో ఖాళీ గళ్లను డ్రైవే ఎప్పటికప్పుడు ఊడ్చేసుకుంటుంది. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోన్లలో, ల్యాప్‌టాపుల్లో తాళంచెవి లేకపోతే పొలంలో ఉన్నది పంటో పిచ్చిమొక్కో కూడా తెలియదు.

టీ తాగేసిన ఫోటోగ్రాఫర్ కార్డుకు టెస్ట్‌డిస్క్‌తో పని కాలేదనుకుందాం. సాయంత్రానికి ఫోటోరెక్ రెకప్_డిర్.1, రెకప్_డిర్.2 అంటూ ఫోల్డర్లు నింపుతుంది. ఎఫ్ అక్షరం, దాని వెనక ఏడెనిమిది అంకెలు, ఇవే పేర్లు. పేర్లన్నీ పుస్తకంలో ఉండేవి, పుస్తకంతోనే పోయాయి. తీసిన తేదీ, గంట, నిమిషం, సెకను మాత్రం కెమెరా ప్రతి ఫోటో లోపలే రాస్తుంది. అవి పొలంలోనే ఉన్నాయి. షాపతను ఆ గంటల ప్రకారం వరస పెట్టమని కంప్యూటర్‌కు చెబుతాడు. గౌరీపూజ, జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చుంటాయి. బిందెలో ఉంగరం తీసేటప్పటి ఫోటో ఒకటి మాత్రం సగం దాకా వచ్చి ఆగుతుంది. పైన వంగిన రెండు తలలు, కింద బూడిదరంగు. చేతులు ఎవరివి ముందున్నాయో ఆ ఫోటోలో కనిపించదు.